యాభైకి దించిన బరువు

కృతజ్ఞతా కూడికలకు పాస్టర్లమైన మేము తరచుగా వెళ్తుంటాం. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని, అల్లుడికి వీసా వచ్చిందని, ప్రమోషన్ అందిందని, కొత్త ఇల్లు కట్టుకున్నామని విశ్వాసులు పిలుస్తారు. పాటలు పాడి, వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, భోంచేసి వస్తాం. ఇన్నేళ్ల పరిచర్యలో ‘దేవుడిచ్చింది చాలు, ఉద్యోగం మానేశాను, స్తుతి కూడిక పెట్టండి’ అని పిలిచినవారు ఒక్కరూ లేరు. ఒకవేళ పిలిచినా అక్కడ ఏ వాక్యం చెప్పాలో మాకు తోచేది కాదేమో! పొందడమే ఆశీర్వాదం, వదులుకోవడం నష్టం అని లోకంతోపాటు సంఘం కూడా నమ్మినందువల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

2019 చివర్లో బి.ఎస్.ఎన్.ఎల్. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాన్ని ప్రకటించింది. యాభై ఏళ్లు నిండినవారు అందుకు అర్హులు. దేశమంతటా 78 వేల మందికి పైగా అందులో చేరి, 2020 జనవరి 31తో ఉద్యోగానికి వీడ్కోలు చెప్పారు. దిగులుతో చేరినవారు కొందరైతే, ఇష్టపడి చేరినవారు కొందరు. ఆ రెండో కోవకు చెందిన ఒక సహోదరుడు మా సంఘంలో ఉన్నాడు. అప్పటికి ఆయన వయసు 53. మరుసటి ఆదివారం ఆరాధన ముగియగానే అందరూ ఆయన చుట్టూ చేరారు. ‘ఆరోగ్యం బాగాలేదా?’ అని ఒకరు, ‘ఆఫీసులో ఏమైనా గొడవా?’ అని మరొకరు అడిగారు. ‘నువ్వు సర్వీసులో ఉండగానే పిల్ల పెళ్లి చేసి ఉంటే గౌరవంగా ఉండేది కదా’ అని బంధువులు నొచ్చుకున్నారు. పరామర్శకు వచ్చినవారిలా మాట్లాడారందరూ. మేమైనా ఊరుకున్నామా? ‘ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది కదా తమ్ముడూ, ఎందుకు తొందరపడ్డావు?’ అని అడిగాం. ఆయన నెమ్మదిగా జవాబిచ్చాడు. ‘అయ్యగారూ, ఇరవై తొమ్మిదేళ్లుగా మా అమ్మకు నేను ఫోనులోనే కొడుకుని. ఇప్పుడామె మంచంలో ఉంది. ఇక ఇంట్లో కూడా కొడుకుగా ఉందామనుకున్నాను.’

ఆ మాటకు మా దగ్గర బదులు లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి, వేదాంత కళాశాలలో చదువుకున్న రోజుల్లో పరీక్ష కోసం చదివి మరచిపోయిన ఒక లేఖన భాగాన్ని మళ్లీ తెరిచాం. సంఖ్యాకాండము ఎనిమిదో అధ్యాయం చివరి వచనాల్లో లేవీయుల పదవీ విరమణ గురించి దేవుడే మోషేకు ఆజ్ఞాపించాడు. లేవీయుడు ఇరవై ఐదేళ్లకు ప్రత్యక్షపు గుడారపు సేవలో చేరాలి, యాభై ఏళ్లకు ఆ సేవ మానుకోవాలి. నాలుగో అధ్యాయంలో మాత్రం సేవ ముప్పై ఏళ్లకు మొదలవుతుందని ఉంది. మొదటి ఐదేళ్లు పని నేర్చుకునే కాలమని యూదు పండితులు దీనిని వివరించారు. ఆ పని తేలికైనదేమీ కాదు. ఇశ్రాయేలీయులు గుడారాలు ఎత్తిన ప్రతిసారీ పలకలు, స్తంభాలు, దిమ్మలు, తెరలు విప్పి మోసుకెళ్లాలి. మెరారీయులకు, గెర్షోనీయులకు ఎడ్లబండ్లు ఇచ్చారు. మందసం, బలిపీఠాలు వంటి పరిశుద్ధమైనవాటిని మోసే కహాతీయులకు బండ్లు కూడా లేవు, భుజాల మీదే మోయాలి. ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్యవారిని లెక్కపెడితే 8,580 మంది తేలారు. యాభై ఒకటో ఏట లేవీయుడు ఎంత బలంగా ఉన్నా, ఎంత అనుభవజ్ఞుడైనా ఆ లెక్కలో లేడు.

మరి ఆయన్ని దేవుడు మూలన కూర్చోబెట్టాడా? లేదు. యాభై దాటినవాడు గుడారం దగ్గర కాపలా కాస్తూ తన సహోదరులకు తోడ్పడాలని ఆ వాక్యమే చెబుతోంది. అంటే బరువు దిగింది కానీ బంధం తెగలేదు. పని మారింది కానీ పిలుపు పోలేదు. నిన్నటిదాకా మోసినవాడు ఈరోజు మోసేవాడి పక్కన నడుస్తాడు. ‘ఆ కొస కాస్త పైకెత్తు బాబూ’ అని చెబుతాడు. మన లెక్కలో ఇది దిగజారడం, దేవుని లెక్కలో ఇదొక నియామకం. విజయమంటే చివరిదాకా కుర్చీ వదలకపోవడమని దేవుడు అనుకుని ఉంటే ఈ ఆజ్ఞ ఇచ్చేవాడే కాదు.

అయితే ముందుగా విరమించుకున్న ప్రతివాడూ జ్ఞాని అనుకోవడం పొరపాటే. లూకా సువార్త పన్నెండో అధ్యాయంలో యేసుప్రభువు ఒక ధనవంతుడి ఉపమానం చెప్పాడు. అన్నదమ్ముల ఆస్తి తగాదా తీర్చమని ఒకడు వచ్చి అడిగితే చెప్పిన కథ అది. ఆ ధనవంతుడి భూమి బాగా పండింది. పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టిస్తాను, ఇక చాలా ఏళ్లు తిని తాగి హాయిగా ఉంటాను అని తనలో తాను చెప్పుకున్నాడు. ఒకవిధంగా ఆయనదీ పదవీ విరమణే! కానీ ఆయన మాటల నిండా నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణం తప్ప మరో మనిషి పేరు లేదు. ఆ రాత్రే ప్రాణం పోతుందని దేవుడు చెప్పి, ఇదంతా ఎవరిదవుతుందని అడిగాడు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు.

అదే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్న మరో ధనవంతుడు పాత నిబంధనలో ఉన్నాడు. ఆయన పేరు బర్జిల్లయి, ఊరు గిలాదులోని రోగెలీము. అబ్షాలోము తిరుగుబాటు వల్ల దావీదు పారిపోయి మహనయీముకు చేరినప్పుడు పరుపులు, పాత్రలు, గోధుమలు, చిక్కుళ్లు, తేనె, వెన్న తెచ్చి ఆదుకున్నవారిలో ఆయనొకడు. యుద్ధం ముగిశాక రాజు ఆయన్ని తనతో యెరూషలేముకు రమ్మన్నాడు, రాజభవనంలో పోషిస్తానన్నాడు. ఎవరు కాదంటారు? ఎనభై ఏళ్ల బర్జిల్లయి కాదన్నాడు. నాకిక రుచులూ తెలియవు, పాటలూ వినపడవు, మీకెందుకు భారం కావాలి, నా తల్లిదండ్రుల సమాధి ఉన్న ఊళ్లోనే కన్నుమూస్తానని వినయంగా చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా కింహాము అనే యువకుణ్ణి ముందుకు నడిపించి, నాకు చేయదలచిన మేలు ఇతనికి చేయండని కోరాడు (2 సమూయేలు 19). దావీదు ఆయన్ని ముద్దుపెట్టుకుని దీవించి పంపాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత యిర్మీయా గ్రంథంలో బేత్లెహేము దగ్గర గెరూతు కింహాము అనే చోటు కనిపిస్తుంది. వృద్ధుడు వదులుకున్న చోటు యువకుడి పేరుతో నిలిచిందన్నమాట!

ఇద్దరూ ధనవంతులే, ఇద్దరూ ‘ఇక చాలు’ అనుకున్నవారే. ఒకడు ‘నాకోసం దాచుకున్నది చాలు’ అన్నాడు. మరొకడు ‘నాకు అందింది చాలు, ఇక ఇతనికి ఇవ్వండి’ అన్నాడు. మన పదవీ విరమణ ఏ కోవకు చెందుతుందో తేల్చే గీటురాయి ఇదే. మన రాష్ట్రాల్లో పదవీ విరమణ వయసు పెరుగుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచారు. తెలంగాణలో 2021లో 61 చేశారు. ఆ వార్త వచ్చినప్పుడు కొన్ని ఇళ్లలో సంతోషం, నోటిఫికేషన్ల కోసం కోచింగ్ సెంటర్లలో ఎదురుచూసే పిల్లల ఇళ్లలో దిగులు. ఆ పిల్లల్లో కింహాములు ఎందరున్నారో!

మన తెలుగు నేల మీదే దీనికొక సాక్ష్యం ఉంది. తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1895 నుంచి వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పనిచేసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1909లో, 35 ఏళ్ల వయసులో ఆ పదవి వదిలి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. తనది కాని తెలుగు భాష నేర్చుకుని నిరుపేద గ్రామాల్లో తిరిగారు. తర్వాత 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారన్నది చరిత్ర. కానీ డోర్నకల్ రైలెక్కిన రోజున స్నేహితుల కళ్లకు అది పైకెక్కడంలా కనిపించి ఉండదు.

ఇది చదివి రేపే రాజీనామా రాసేవారికి ఒక మాట. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే నేర్పాడు. ఇంటి అప్పు, పిల్లల చదువు, వైద్యం ఖర్చు చూసుకోకుండా, భార్యతోనో భర్తతోనో మాట్లాడకుండా ఉద్యోగం మానేయడం విశ్వాసం కాదు, దుడుకుతనం. ఇంకో సంగతి కూడా మరువకూడదు. మన సంఘాల్లో కూలి చేసుకునే తల్లులకు, ఆటో నడిపే అన్నలకు పదవీ విరమణ అనేదే లేదు. ‘చాలు’ అనగలిగే స్థితిని దేవుడు మనకిచ్చాడంటే, ఆ మాట అనలేనివారి పక్కన నడవడానికే ఇచ్చాడని గ్రహించాలి.

మా సహోదరుడి కథ సినిమాలా ముగియలేదు. కారు అమ్మేశాడు. కుదిరిన సంబంధం ఒకటి ‘తండ్రికి ఉద్యోగం లేదు’ అని తప్పిపోయింది. రెండేళ్లు ఆయన చేతి అన్నం తిని తల్లి ప్రభువు సన్నిధికి చేరింది. ఆయన మాత్రం ఆ ఊరు విడిచి రాలేదు. సాయంత్రాలు అరుగు మీద పిల్లలకు లెక్కలు చెబుతాడు. నవంబరు వస్తే పింఛనుదారులైన వృద్ధులకు జీవన ప్రమాణ పత్రాలు తన ఫోనులోనే చేసిపెడతాడు. యాభై దాటిన లేవీయుడు గుడారం గుమ్మం దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది, ఆయన్ని అక్కడ చూస్తే!

చివరిగా, ఇది ముందు మాకే చెప్పుకోవలసిన మాట. యాభై దాటిన పాస్టర్లం మేము ప్రసంగ వేదికను యువ సేవకులకు ఎన్ని ఆదివారాలు ఇచ్చాం? మేము లేకపోతే సంఘం ఏమైపోతుందో అనుకోవడం సేవ మీద భారమా, కుర్చీ మీద మోజా? ఈ ప్రశ్న మమ్మల్ని గుచ్చుతూనే ఉంది. అందుకే ఈమధ్య ఆ పల్లెకు వెళ్లి, ఆలస్యంగానైనా ఆ అరుగు మీదే కృతజ్ఞతా కూడిక పెట్టాం. వాక్యం చెప్పింది మేము కాదు, మా సంఘంలోని ఓ కుర్రాడు.

మోయవలసినంత కాలం నమ్మకంగా మోసే బలాన్ని, దించవలసిన వేళ సంతోషంగా దించే జ్ఞానాన్ని, దించాక పక్కవాడికి తోడుగా నడిచే ప్రేమను ప్రభువు మనకు అనుగ్రహించును గాక!