పంటినొప్పి యేల కలుగును? ఏల తగ్గును?

పైరున తెగులు కనబడిన తోడనే మందు వెదకు మనము, పన్ను నొచ్చినపుడు మాత్రము లవంగమొకటి కఱచిపట్టి, కుప్పనూర్పులు ముగియువఱకు ఓర్చుకొందుము. కొన్ని దినములకు నొప్పి తనంతట పోయినచో రోగమే పోయినదని సంతసింతుము. ఈ తలంపు మిక్కిలి హానికరము. నొప్పి పుట్టు విధము తెలిసినచో ఈ సంగతి బోధపడును.

పన్ను మామిడిటెంక వంటిది. పైన కఠినము, లోపల సజీవము. పైనుండు పింగాణిపొర శరీరమందెల్ల గట్టి పదార్థము. దాని బరువులో నూటికి 96 పాళ్లు ఖనిజమే. అందు నరము లేదు. దాని క్రింద డెంటిన్ అను పొర కలదు. అందు ద్రవముతో నిండిన వేలకొలది సన్నని గొట్టములు లోపలి గుజ్జువఱకు పోవును. రక్తనాళములును, నరములును ఆ గుజ్జునందే యున్నవి.

పంటిని పురుగు తినునని పూర్వము పెక్కు దేశములవారు నమ్మిరి. 1728లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేర్ ఫోషార్ ఈ నమ్మకమును ఖండించెను. 1890లో మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు అసలు కారణమును విశదపఱచెను. దంతముల సందున నిలిచిన బెల్లమును, పంచదారను, మెతుకులను నోటిలోని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పింగాణిని కరగించును. అంతవఱకు నొప్పి తెలియదు.

రంధ్రము డెంటిన్‌ను చేరగానే చన్నీరు తగిలిన, తీపి తగిలిన, గొట్టములలోని ద్రవము కదలి నరమును కదలించును. పన్ను క్షణకాలము జివ్వుమనును. పన్నును పూడ్పించుకొనుటకు ఇదియే అదను.

ఉపేక్షించినచో గుజ్జు వాచును. చేయి వాచిన చర్మము సాగును. గుజ్జుకు గట్టి గోడలు చుట్టునుండుటచే సాగుటకు చోటు లేదు. ఒత్తిడి నరముపై బడును. పండుకొనినపుడు తలకు రక్తము హెచ్చుగ చేరుటచే రాత్రివేళ పోటు అధికమగును. దంతములకును, దవడకును, కణతకును పోవు నరముల మొదలొక్కటే యగుటచే ఒక్కొక్కపుడు చెవిపోటని భ్రమ కలుగును.

తుదకు గుజ్జు చచ్చును. నొప్పి ఆగును. కావలివాడు కూలినచో కేక యాగును గాని దొంగ చేనిలోనే యుండును. సూక్ష్మజీవులు వేరుమొననుండి ఎముకలోనికి పోయి చీము పట్టించును. అపుడు కఱచిన నొప్పి, చిగురు వాపు కలుగును.

లవంగనూనె నరమును కొంతసేపు మొద్దుబార్చునే గాని రోగమును మాన్పదు. చిగురుపై పొగాకు గాని నొప్పిమాత్ర గాని పెట్టరాదు, పుండు పడును. గుజ్జు చెడిన పిదప వేరులోని కాలువను శుభ్రపఱచి పూడ్చుటయో, పన్ను పెఱికించుటయో తప్పదు. ఇటుకపొడి, బొగ్గుపొడి పింగాణిని అరగదీయును గాన వానిని మానుడు. దినమునకు రెండుమాఱులు, అందును నిద్రకు ముందు తప్పక, ఫ్లోరైడు గల పేస్టుతో పండ్లు తోముకొనుడు. నిద్రలో లాలాజలము తగ్గుటచే ఆమ్లమునకు అడ్డుండదు.

దవడవాపుతో జ్వరము వచ్చినను, నోరు తెఱచుట, మ్రింగుట, ఊపిరి పీల్చుట కష్టమైనను, తెల్లవాఱువఱకు ఆగక ఆ గడియలోనే పెద్దాసుపత్రికి పోవలెను. చీము గొంతుదిశకు పాకిన ప్రాణాపాయము కలుగును.