సెకండుకు ఎన్ని బొమ్మలు?

మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఆఖరు రోజున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుణ్ణి భీముడు పడగొడతాడు. ఆ ఆటలను వీడియో తీయించి బీరువాలో దాచుకున్న కుటుంబాలున్నాయి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యంత్రాలతో పనేమిటంటారా? తాటాకు పోతే పద్యం పోతుందని ఎరిగినవాడు, టేపు పోతే ఏం పోతుందో కూడా తెలుసుకోవాలి గదా!

నిజానికి కదిలే బొమ్మ అంటూ ఏదీ లేదు. నిలిచిన బొమ్మలు వరసగా వస్తే కన్ను మోసపోతుంది, అంతే. టాకీలు వచ్చాక సినిమాకు సెకండుకు 24 బొమ్మలని స్థిరపడింది. మన దేశంలో కరెంటు సెకండుకు 50 సార్లు ఊగుతుంది గనుక టెలివిజనుకు అందులో సగం, 25 పెట్టారు. అమెరికాలో కరెంటు 60, అక్కడ 30. 1953లో రంగు చేర్చేటప్పుడు ధ్వనితో పొత్తు కుదరక దాన్ని 29.97 చేశారు. ఆ చిల్లర లెక్క ఇంకా వదలలేదు. 24 బొమ్మల సినిమాను 25 చొప్పున నడిపితే 100 నిమిషాల కథ 96 నిమిషాల్లో ముగుస్తుంది. పాట శ్రుతి కూడా కాస్త హెచ్చుతుంది.

1997లో సోనీ కంపెనీ అర అంగుళం వెడల్పు టేపు మీద హెచ్‌డీక్యామ్ తెచ్చింది. తరువాత దానిలోనే 24 బొమ్మలు తీసే కెమేరా వచ్చింది. 2002లో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రాన్ని అలాంటిదానితోనే తీశారు. 2003లో హెచ్‌డీక్యామ్ ఎస్ఆర్ వచ్చింది. అవి స్టూడియోల సొత్తు. అదే ఏడు వచ్చిన హెచ్‌డీవీ మాత్రం అరచేతిలో ఇమిడే చిన్న క్యాసెట్టులోనే హెచ్‌డీ బొమ్మను పట్టింది. అయితే ఒక చిక్కుంది. మన 25 లెక్కలో అది 12 బొమ్మలను ఒక కట్టగా కట్టి దాస్తుంది. టేపు మీద చిన్న మచ్చ పడితే అర సెకండు ఆట గల్లంతు!

నా దగ్గర చదివిన కుర్రవాడొకడు కొన్నేళ్ళ క్రితం తన తాత ఆట చూపించాడు. ఆయన ద్రౌపది వేషానికి పేరుపొందినవాడు. అప్పటికే కాలం చేశాడు.

“తాతకు చివర్లో అడుగు తప్పినట్టుంది సార్” అన్నాడు దిగులుగా.

గజ్జెల మోత తాళంలోనే వుంది. కాలు మాత్రం నట్టుతోంది. విచారిస్తే, ఏదో దుకాణంలో 25ను 30 చేసి ఇచ్చారట. ప్రతి 5 బొమ్మలకూ ఒకటి రెండుసార్లు వస్తోందన్నమాట. మూల క్యాసెట్టును 25లోనే మళ్ళీ ఎక్కించాము. తాత అడుగు తాళానికి సరిగ్గా పడింది! కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇటువంటి దిద్దుబాటుకు ఇక వ్యవధి తక్కువ. 2011 సునామీలో జపానులోని సెందాయ్ దగ్గరి టేపు కర్మాగారం దెబ్బతింటే స్టూడియోలే టేపుకు కటకటలాడాయి. 2016లో సోనీ అర అంగుళం టేపు యంత్రాల అమ్మకం ఆపేసింది. టేపు బాగున్నా తిప్పే యంత్రం దొరకకపోతే ఏం లాభం?

కనుక గృహస్థులకు నా మనవి: క్యాసెట్టులను చల్లని, పొడి చోట నిలువుగా పెట్టండి. ఎక్కించే వారితో “ఎన్ని బొమ్మలతో తీశారో అన్నిటితోనే ఇవ్వండి” అని చెప్పండి. ఆ అంకెను అట్టమీద వ్రాసుకోండి. పని అయిందని మూల క్యాసెట్టును మాత్రం పారవేయకండి.