రబ్బరు బిళ్ళకు వాసన లేదా?

మాధవరం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. మంత్రాలయం పక్కనున్న మాధవరమే, తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. ఆయన రాసింది ఇంతే: "వేరుశనగ చేన్లో పొగాకు లద్దె పురుగుకని తెచ్చిన ఎరల్లో నాలుగు మిగిలినాయి. పారేయడమెందుకని పత్తి చేన్లో బుట్టలు కట్టి అవే పెట్టినాను. పది రాత్రులు గడిచినా ఒక్క గులాబీ పురుగు పడలేదు. పక్క చేను వాళ్ళ బుట్టల్లో మాత్రం రోజూ పడుతున్నాయి. వాళ్ళ రబ్బరు బిళ్ళ, నా రబ్బరు బిళ్ళ రెండూ ముక్కు కాడ పెట్టుకొని చూసినాను. రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు. పురుగుకు తేడా ఎట్ల తెలిసింది సార్?"

ఈ నెలకు వేరే వ్యాసం సగం రాసి పెట్టుకున్నాను. ఈ ఉత్తరం చదివాక దాన్ని పక్కన పడేశాను.

ముందు నాలుగు ముక్కల్లో పురుగు సంగతి. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి వేసుకొచ్చే రైతుకు గులాబీ పురుగును పరిచయం చేయక్కర్లేదు. గింజంత బూడిదరంగు రెక్కల పురుగు రాత్రిపూట మొగ్గల మీద, కాయల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు కాయలోకి దూరగానే వెనక రంధ్రం పూడుకుపోతుంది. ఇక మందు ఎంత కొట్టినా అది కాయ పైనే. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు కనబడేసరికి లోపల పని సగం అయిపోయి ఉంటుంది. మన దేశానికి ఇది కొత్త చుట్టం కాదు. శాస్త్రానికి దీన్ని మొదట పరిచయం చేసింది 1840లలో సాండర్స్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రజ్ఞుడు, అదీ గుజరాత్‌లోని భరూచ్ పత్తి నుంచి వచ్చిన నమూనాలు చూసి. 2002లో పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు దీని పీడ వదిలిందన్నారు. 2010లో విత్తన సాంకేతికత అమ్మిన కంపెనీయే, గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో పురుగు మొదటి బీటీ విషాన్ని తట్టుకుంటోందని ఒప్పుకుంది. తర్వాత రెండు విషాలున్న రకాన్నీ జీర్ణించుకుంది. ఆ కథ మీకు నాకంటే బాగా తెలుసు. బుట్ట దగ్గరికి పోదాం.

లింగాకర్షక బుట్టలోని రబ్బరు బిళ్ళకు పట్టించిన మందు ఒకట్రెండు మిల్లీగ్రాములకు మించదు. అది ఆడపురుగు వాసనకు నకలు. అర్ధరాత్రి దాటాక ఆడపురుగు ఆకు మీద కూర్చొని పొట్ట చివరి గ్రంథిని బయటికి చాచి ఈ వాసన వదులుతుంది. మగది గాలికి ఎదురెగిరి వస్తుంది. ఇలాంటి వాసనను మొదటిసారి పట్టుకున్నవాడు జర్మనీకి చెందిన అడాల్ఫ్ బుటెనాంట్. 1959లో, ఐదు లక్షల పట్టుపురుగుల నుంచి కొద్ది మిల్లీగ్రాములు తీసి, దానికి బాంబికాల్ అని పేరు పెట్టాడు. ఇలాంటి వాసనలకు ఫెరమోన్ అనే మాట పుట్టింది కూడా ఆ ఏడాదే. లోకమంతా ఒకటే ఉత్సాహం: ప్రతి పురుగుకూ ఒక వాసన, ఆ వాసన దొరికితే పురుగు చేతికి చిక్కినట్టే.

గులాబీ పురుగు వాసన కోసం అమెరికా వ్యవసాయ శాఖ రసాయన శాస్త్రజ్ఞులు విలియం జోన్స్, మార్టిన్ జాకబ్‌సన్ నడుం కట్టారు. లక్షల పురుగులను రుబ్బి, వడగట్టి, 1966లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు: దొరికింది, దీని పేరు ప్రొపైల్యూర్.

నాకు ఇక్కణ్ణుంచి నచ్చుతుంది ఈ కథ.

ప్రయోగశాలలో తయారుచేసిన ప్రొపైల్యూర్‌ను పత్తి చేలో పెడితే మగపురుగు అటు కన్నెత్తి చూడలేదు. 1967లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు తామే తయారుచేసి చూసి, పని చేయడం లేదని రాశారు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేయాలి? మొదటికెళ్ళి మళ్ళీ చూడాలి. వీళ్ళు మాత్రం సిద్ధాంతాన్ని వదలకుండా దానికి ఊతకర్రలు వెతికారు. 1968లో మొదటి ఊతకర్ర: ఆడపురుగులో ఇంకో పదార్థం కూడా ఉంది, అది తోడైతేనే ప్రొపైల్యూర్ పని చేస్తుంది అన్నారు. ఆ పదార్థం ఏమిటో తెలుసా? డీట్. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందు! అమెరికా సైన్యం కోసం 1946లో తయారైన మందు పత్తి పురుగు పొట్టలో ఎలా పుట్టిందని అడిగినవాళ్ళు అడిగారు. మరుసటి ఏడాది రెండో ఊతకర్ర: ప్రొపైల్యూర్‌లో వంపు తేడా ఉన్న దాని జంట కాస్త కలిసినా అసలుదాన్ని పని చేయనివ్వదు, అందుకే చేలో విఫలమైందన్నారు.

ఈ రెండో మాటలో తమాషా ఉంది. సమాధానం నిజంగానే వంపులో ఉంది. అయితే వాళ్ళు చూస్తున్న అణువే వేరు.

'వంపు' అంటే ఏమిటో చెప్పడానికి ఒక చెక్క బద్ద, రెండు మేకులు చాలు. బద్దను గోడకు ఒకే మేకుతో కొడితే అది గిర్రున తిరుగుతుంది. రెండు మేకులు కొడితే కొట్టిన చోటే బిగుసుకుంటుంది. కార్బన్ పరమాణువుల మధ్య ఏకబంధం ఒక మేకు, ద్విబంధం రెండు మేకులు. కార్బన్ల గొలుసులో ఎక్కడ ద్విబంధం వస్తే అక్కడ గొలుసు తిరగలేదు. గొలుసు రెండు కొసలూ ద్విబంధానికి ఒకే పక్కన బిగుసుకుంటే అక్కడ కొడవలిలా వంపు వస్తుంది. దీన్ని సిస్ అంటారు. చెరో పక్కన బిగుసుకుంటే గొలుసు దాదాపు నిటారుగా సాగిపోతుంది. అది ట్రాన్స్. పరమాణువులు అవే, లెక్క అదే, బరువు అదే. మన ముక్కుకు చాలాసార్లు తేడా తెలియదు. పురుగుకు మాత్రం ఒకటి తన ఇల్లు, ఇంకొకటి ఊరవతల ఎవరిదో ఇల్లు.

1969లో ఇంకో పక్క నుంచి ఒక వింత జరిగింది. ఆడపురుగును రుబ్బే పని మానేసి, సీసాల్లో ఉన్న రసాయనాలను వరసపెట్టి మగపురుగు ముందు పెడుతూ పోతే ఒకటి తగిలింది. పదహారు కార్బన్ల గొలుసు, చివర వెనిగర్‌లోని ఆమ్లం తాలూకు ఎసిటేట్ ముక్క, ఏడో కార్బన్ దగ్గర ఒకే ఒక్క సిస్ వంపు. దానికి హెక్సాల్యూర్ అని పేరు పెట్టారు. మగపురుగులు వచ్చాయి, కానీ ఆడపురుగు దగ్గరికి వచ్చినంత ఆత్రంగా రాలేదు. శ్రీనివాసులును 'శ్రీనూ' అని పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తాడు గదా, అలా. ఆ ప్రయోగంలోనూ జాకబ్‌సన్ పేరుంది. అసలు జవాబులో సగం చేతిలో పెట్టుకొని కూడా ఆయన గుర్తుపట్టలేదు. (ఆయన్ను మరీ ఆడిపోసుకోకండి. తర్వాతి కాలంలో మన వేప గింజల మీద పట్టుదలగా పనిచేసి, వేపను అమెరికా శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చినవాళ్ళలో ఆయనొకడు.)

1973లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖకు చెందిన హుమ్మెల్, గాస్టన్, షోరీ తదితరులు తీరిగ్గా మొదటికెళ్ళి చూశారు. అసలు అణువుకు వంపు పెట్టగల చోట్లు రెండు, ఏడో కార్బన్ దగ్గర ఒకటి, పదకొండో కార్బన్ దగ్గర ఒకటి. ఏడో దగ్గర ఎప్పుడూ సిస్సే. పదకొండో దగ్గర? ఇక్కడే అందరూ బోల్తాపడ్డది. కొన్ని అణువుల్లో సిస్, కొన్నింటిలో ట్రాన్స్. ఇంచుమించు సగం, సగం. ఆడపురుగు ఒక అణువును కాదు, ఒక మిశ్రమాన్ని వదులుతోంది. రెంటిలో ఏ ఒక్కటే పెట్టినా మగపురుగు సరిగా రాదు. సగం సగం కలిపి పెడితే ఒకటే తోసుకొస్తాయి. పత్తి శాస్త్రీయ నామం గాసిపియం నుంచి దీనికి గాసిప్లూర్ అని పేరు పెట్టారు. ఆ పరిశోధన పత్రం శీర్షిక కూడా ఎంతో మర్యాదగా ఉంటుంది: గులాబీ పురుగు ఫెరమోన్ రసాయన స్థితి గురించి ఒక స్పష్టీకరణ. ఏడేళ్ళ గందరగోళానికి అంతకంటే మెత్తని పేరు ఎవరు పెట్టగలరు?

ఇంకొక్క మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ మిశ్రమంలోని రెండో సగం ఉంది చూడండి, ఏడు దగ్గర సిస్, పదకొండు దగ్గర ట్రాన్స్, అది ఒక్కటే ఇంకో పురుగు చిరునామా. మన ఇళ్ళలో ధాన్యం బస్తాల మీద ఎగిరే వడ్ల చిలుకది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన రెక్కల పురుగులు. ఒకటి ఒంటరి అణువుతో పిలుస్తుంది, ఇంకొకటి అదే అణువుకు మరో సగం జోడించి పిలుస్తుంది.

ఇప్పుడు మాధవరం ఉత్తరానికి జవాబు వస్తోంది. పొగాకు లద్దె పురుగు వాసనను జపాన్ శాస్త్రజ్ఞులు అదే 1973లో తేల్చారు. దాని గొలుసు పద్నాలుగు కార్బన్లే. ద్విబంధాలు తొమ్మిదో దగ్గర, పదకొండో దగ్గర. పక్కన మరో రకం కాస్త కలుస్తుంది, దాని రెండో ద్విబంధం పన్నెండో దగ్గర. తోకలో ఎసిటేట్ ముక్క మాత్రం ఒకటే. రెండు కార్బన్ల పొడవు, ఒకటి రెండు వంపుల చోటు, మీ రెండు రబ్బరు బిళ్ళల మధ్య తేడా ఇంతే. శనగపచ్చ పురుగైతే మళ్ళీ పదహారు కార్బన్లే కానీ తోకలో ఎసిటేట్‌కు బదులు ఆల్డిహైడ్.

మగపురుగు ఈ తేడాను మీసాలతో కనిపెడుతుంది. మీసం నిండా సూక్ష్మమైన వెంట్రుకలు, వెంట్రుకల మీద రంధ్రాలు. ఫెరమోన్ నూనెలాంటిది, వెంట్రుక లోపల ఉన్నది నీళ్ళలాంటి ద్రవం. నూనె నీళ్ళలో కలవదు. అందుకని దాన్ని మోసుకుపోయే కూలీ ప్రోటీన్లు ఉంటాయి. వీటిని 1981లో ఓగ్ట్, రిడిఫర్డ్ ఒక పెద్ద పట్టు చిలుకలో కనిపెట్టారు. అణువు అవతల గట్టున ఉన్న నాడీకణానికి చేరగానే ఒక మోత, వెంటనే ఎంజైములు ఆ అణువును విరిచేస్తాయి. విరిచేయకపోతే మోత ఆగదు, తర్వాతి కబురు వినబడదు. ఆ వంపులో ఉన్న అణువుకు ఒక కణం, ఈ వంపులో ఉన్నదానికి ఇంకో కణం. రెండూ తగిన పాళ్ళలో మోగితేనే మగపురుగు రెక్క విప్పుతుంది. మీ లద్దె పురుగు బిళ్ళ వదిలిన వాసనకు ఆ రెండింటిలో ఏదీ మోగలేదు. అంతే సంగతి.

ఇంకా ఉంది. వాసన గాలిలో పొగమంచులా అంతటా సమంగా పరుచుకోదు. అగరుబత్తి పొగలా పోగులు పోగులుగా పోతుంది. పోగు తగిలిందా, పురుగు ముందుకు ఎగురుతుంది. తప్పిందా, ఇటొక అడ్డం అటొక అడ్డం ఎగిరి వెతుక్కుంటుంది. తగలడం, తప్పడం, తగలడం: ఈ తాళం ఉంటేనే దారి. చేను మొత్తం గాసిప్లూర్‌తో నింపేస్తే తాళం పోతుంది, దారి పోతుంది, ఆడపురుగు ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇలా జత కలవకుండా చెడగొట్టడానికి ప్రపంచంలో మొదట అనుమతి పొందిన ఫెరమోన్ మందు ఈ గాసిప్లూరే, 1978లో, అమెరికాలో. అదే అమెరికా 2018 అక్టోబర్‌లో తమ పత్తి చేలల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించుకుంది. వాళ్ళు ఒక్క బీటీ గింజ మీదే ఆధారపడలేదు. గాసిప్లూర్ వాడారు, సంతానం కలగని పురుగులను కోట్ల కొద్దీ విమానాల నుంచి వదిలారు, మోళ్ళు దున్నించారు. మనం ఏం చేశాం? గింజ కొన్నాం, పురుగు విషానికి అలవాటుపడకుండా పక్కన విత్తమని ఇచ్చిన బీటీ కాని చిన్న పొట్లాన్ని గట్టు మీద పారేశాం, జనవరి దాకా, ఫిబ్రవరి దాకా పంటను నిలబెట్టుకున్నాం. పురుగుకు ఇంతకంటే ఆతిథ్యం ఏముంది?

ఉపయోగాల మాట కూడా రాయమని సంపాదకుడు పోరుతున్నాడు కాబట్టి రాస్తాను. జత చెడగొట్టే గాసిప్లూర్ జిగురు మందు మన దగ్గరా దొరుకుతోంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని ఏటీజీసీ బయోటెక్ దాన్ని తయారుచేస్తోంది. కానీ రెండెకరాల కమతంలో ఒక్కరే పూస్తే ఫలితం అరకొర. పక్క చేలో జతకట్టిన ఆడపురుగు మీ చేలోకి వచ్చి గుడ్లు పెడుతుంది, దానికి పాస్‌బుక్ హద్దులు తెలియవు, తుంగభద్ర కూడా అడ్డం కాదు. ఊరంతా ఒక మాట మీద చేయాలి. జిన్నింగ్ మిల్లుల గింజల్లో నిద్రపోయే పురుగును బుట్టలతో కాపలా కాయాలి. ఇక ఎరల అమ్మకం సంగతి చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒక పట్నంలో ఒక దుకాణం ముందు వేసవి ఎండలో దండకు గుచ్చినట్టు వేలాడదీసిన ఎర పొట్లాలు నేనే చూశాను. సీల్ చిరిగిన పొట్లంలో మిగిలేది రబ్బరే. దానికి ధర మాత్రం పూర్తిగా తీసుకుంటారు.

ఇక మాధవరం అన్నకు. లద్దె పురుగు ఎరలను చెత్తకుండీలో వేయండి. గులాబీ పురుగు ఎర కొనేటప్పుడు పొట్లం మీద తేదీ చూడండి, వాడేదాకా చల్లని చోట ఉంచండి. పాత బిళ్ళ తాకిన చేత్తో కొత్తది ముట్టకండి, లద్దె పురుగు వాసన దీనికి అంటుతుంది. నెల లోపలే బిళ్ళ మార్చండి. ఎకరాకు నాలుగు బుట్టలు, మొక్కల కొసల కంటే జానెడు ఎత్తులో. రోజూ పొద్దున లెక్కపెట్టండి. బుట్టకు ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే అప్పుడు బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి ఏం కొట్టాలో అడగండి, ఎనిమిది లోపైతే ఆ వారం మందు డబ్బులు మిగిలినట్టే. లెక్క ఎంత వచ్చిందో నాకు ఒక కార్డు ముక్క రాయండి.