పైన కరకర, లోపల మీగడ: ఎందుకు? ఎలా?

ప్రశ్న: అమ్మ ఓవెన్‌లో చికెన్ క్యాసెరోల్ చేసింది. పైన అప్పడంలా కరకరలాడింది, లోపలేమో మీగడలా మెత్తగా ఉంది. పెట్టింది ఒకే ఓవెన్‌లో, తగిలింది ఒకే వేడి. మరి ఎందుకిలా?

జవాబు: ఈ తేడా అంతా నీటి వల్ల వచ్చింది. నీరు నిలిచినచోట మెత్తదనం, పోయినచోట కరకర.

ముందు పేరు సంగతి. మన ఇళ్లలో క్యాసెరోల్ అంటే చపాతీలు వేడిగా ఉంచుకునే డబ్బా. ఫ్రెంచివాళ్లకు అది పొయ్యిమీద పెట్టే గిన్నె. గిన్నె పేరే అందులో వండిన కూరకూ వచ్చింది. అమెరికాలో క్యాంప్‌బెల్ సంస్థ 1934లో పుట్టగొడుగుల క్రీమ్ సూప్‌ను డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టాక, దాన్ని చికెన్‌లో కలిపి బేక్ చేయడం అక్కడి ఇళ్లలో బాగా అలవాటైంది. ఆ డబ్బా లేకపోయినా వెన్న, మైదా, పాలతో అదే చిక్కదనం వస్తుంది.

అదెలాగో తెలియాలంటే రాగిజావ గుర్తుచేసుకో. పిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. వేడి తగలగానే ఉండ పైపొర జిగురుగా మారి, లోపలి పొడిపిండికి నీరు అందనివ్వదు. అందుకే ముందు చన్నీళ్లలో కలిపి పోస్తాం. క్యాసెరోల్‌లో ఆ పని వెన్న చేస్తుంది. 40 గ్రాముల వెన్న కరిగించి, అంతే మైదా వేసి, సన్నని సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. వెన్న ప్రతి రేణువుకూ పూతలా పట్టి, ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. ఆపైన అర లీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతుంటే ఉండ కట్టదు.

పాలు వేడెక్కి 60 డిగ్రీలు దాటేసరికి మైదాలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడుతుంది. మరిగే వేళకు ఉబ్బిన రేణువులు ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. వాటి మధ్య చిక్కిన నీరు తేలిగ్గా కదలలేదు. మనం చిక్కదనం అంటున్నది దాన్నే. ఈ పిండి మరో మేలు కూడా చేస్తుంది. మజ్జిగపులుసు విరగకుండా సెనగపిండి కలుపుతాం కదా, అలాగే ఇక్కడ పాలలోని మాంసకృత్తులు ముద్దలు కట్టకుండా మైదా అడ్డుపడుతుంది.

ఇందులో అర కిలో బోన్‌లెస్ చికెన్ ముక్కలు, ఉప్పు, మిరియాలపొడి కలపాలి. చికెన్ ముందే ఉడికి ఉండాలి. పచ్చిముక్కలు వేస్తే వేడికి వాటి నీరు బయటికొచ్చి, మనం కష్టపడి తెచ్చిన చిక్కదనం పలచబడిపోతుంది.

ఇప్పుడు ఓవెన్ దగ్గరకు వద్దాం. లోపల 190 డిగ్రీల వేడి ఉన్నా, తడి ఉన్నంతసేపు సాస్ సుమారు 100 డిగ్రీలు దాటదు. ఆపైన అందిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అందుకే లోపల మాడదు, ఎండదు. పైన చల్లిన, వెన్న కలిపిన రొట్టెపొడిలో నీరు కొంచెమే. అది త్వరగా ఆవిరైపోతుంది. ఆ తర్వాత పైపొర వేడి 140 డిగ్రీలు దాటి, రొట్టెలోని మాంసకృత్తులు, చక్కెరలు కలిసి ఎర్రటి రంగు, కమ్మని వాసన పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. దిబ్బరొట్టె అడుగు ఎర్రగా, లోపల మెత్తగా ఉండడమూ ఇందువల్లే.

కాబట్టి బేక్ చేసే 25, 30 నిమిషాలూ మూత పెట్టకూడదు. పెడితే ఆవిరి తిరిగి రొట్టెపొడిలోకే చేరి మెత్తబరుస్తుంది. బయటికి తీశాక పది నిమిషాలు ఆగాలి. సలసల కాగే సాస్ పలచగా ఉంటుంది, వేడి తగ్గేకొద్దీ చిక్కబడుతుంది. ఈసారి అమ్మ వెంటనే వడ్డించబోతే కాసేపు ఆగమని చెప్పు. ఎందుకని అడిగితే, కారణం ఇప్పుడు నీకు తెలుసు.