చెల్క కూరాకులో ఎముకల బలం

నల్లగొండ: జపాన్, కొరియా దేశాలవారు సముద్రపు నాచును కూరగా, చారుగా వండుకొని తింటారు. అందులో అయోడిన్ మెండుగా ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం కూడా ఉంటాయి. అయితే మొక్క తాను పెరిగిన నీటిలో ఏముంటే దానినే పీల్చుకుంటుంది. మంచిదని, చెడ్డదని చూడదు. హిజికి అనే నాచులో ఆర్సెనిక్ విషం ఎక్కువగా ఉన్నందున దానిని తినవద్దని 2004లో బ్రిటన్ ఆహార అధికారులు ప్రజలను హెచ్చరించారు.

సముద్రానికి దూరంగా ఉన్న నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాలవారికి నాచుతో పని లేదు. అయోడిన్‌కు అయోడిన్ ఉప్పు ఉంది. కాని నీటిలోని ఖనిజం మనిషి ఎముకలను ఎలా వంచుతుందో ఈ ప్రాంతానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తరాల తరబడి బోరు నీళ్ళు, బావి నీళ్ళు తాగినవారికి పళ్ళు గారపట్టాయి, నడుములు వంగాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. ఇక్కడి రాతినేల నీటిలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న ఊళ్ళున్నాయి.

జొన్నపై పరిశోధన

నల్లగొండ జిల్లాలో, ముఖ్యంగా ఎదిగే వయసు మగపిల్లల్లో, మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే జబ్బును హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వైద్యలోకం దృష్టికి తెచ్చారు. నీటితోపాటు తిండిని కూడా వారు పరీక్షించారు. ఈ ప్రాంతంలో పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువగా ఉన్నట్టు కనుగొన్నారు. మాలిబ్డినం ఎక్కువైతే శరీరంలో రాగి నిలవదు. ఎముక గట్టిపడడానికి రాగి కూడా కావాలి. నేలలోని ఖనిజం గింజలోకి, గింజలోనిది గటకలోకి, గటకలోనిది ఎముకలోకి చేరుతుందన్న మాట.

చింతపండుతో మేలు

అదే సంస్థవారు 2002లో వెల్లడించిన మరో పరిశోధన మనకు ఊరట కలిగిస్తుంది. బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి చూడగా మూత్రం ద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. పప్పులో, పులుసులో చింతపండు వేసే మన వంట అలవాటు ఊరికే పోలేదు.

కాల్షియం సంగతి ఇంకా ముఖ్యమైనది. తిండిలో కాల్షియం ఉంటే అది కడుపులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టివేసి, రక్తంలోకి పోనివ్వదు. కాల్షియం చాలని పిల్లలకు, బాలింతలకు ఫ్లోరైడ్ హాని ఎక్కువ.

ఏ తిండిలో ఎంత?

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో కాల్షియం సుమారు 7 మిల్లీగ్రాములే. జొన్నల్లో 28 మాత్రమే. తైదల్లో మాత్రం 364. ఆకుకూరలకు వస్తే తోటకూరలో 330, మునగాకులో 314, అవిసాకులో 901 మిల్లీగ్రాములు ఉన్నాయి. ఆవుపాలల్లో ఉండేది 120 లోపే. పాలు కొనలేని ఇంటికి పెరట్లోని మునగచెట్టే పాడిపశువు.

వానకాలంలో చెల్కల్లో, గట్ల మీద ఎవరూ విత్తకుండానే మొలిచే గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర, గునుగు ఇదివరకు కలుపుకు పోయిన ఆడవారి కొంగుల్లో ఇంటికి చేరేవి. పత్తి సేన్లు పెరిగి, గడ్డిమందు కొట్టడం మొదలైన తర్వాత ఈ కూరాకు తరిగిపోతున్నది. మందు కొట్టిన సేనులో కోసిన ఆకు తినరాదు. తైదంబలి కూడా చాలా ఇండ్లలో మాయమై రేషను బియ్యపు అన్నమే మూడు పూటలా సాగుతున్నది.

జాగ్రత్తలు

ఆకుకూరల్లో కూడా తేడాలున్నాయి. ఫ్లోరైడ్ బోరు నీటితో పెంచిన ఆకుల్లో ఫ్లోరైడ్ చేరుతుంది. కనుక వానకు మొలిచినవి, మంచినీరు పారినవి మేలు. తోటకూర, గంగవాయిలి వంటివాటిలో ఆక్సలేట్లు ఉండి కాల్షియాన్ని పూర్తిగా ఒంటబట్టనివ్వవు. ఉడకబెట్టి నీళ్ళు వార్చితే అవి కొంత తగ్గుతాయి. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు వైద్యుని అడిగి తినాలి.

ఒక విషయం మరువరాదు. ఏ ఆకు తిన్నా వంగిన ఎముక తిరిగి సాపు కాదు. నీరు మారడమే అసలు మందు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. నల్లా ఆగిన రోజున మళ్ళీ బోరు దగ్గరికి పోకుండా ముందురోజే నీళ్ళు పట్టి పెట్టుకోవాలి. బోరు నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

బడి మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీ కేంద్రాల్లో మునగాకు పప్పు, తైద జావ వారానికి రెండుసార్లయినా పెట్టడం పెద్ద ఖర్చు కాదు. బడి ఆవరణలో నాలుగు మునగ కొమ్మలు నాటితే చాలు. ఎదిగే పిల్లల ఎముకల కోసం గ్రామ పంచాయతీలు, ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకోవలసి ఉంది.