కారు స్టీరింగు దోషములు

కారులో కూర్చున్నవారి ప్రాణములు ముఖ్యముగా రెండింటిపై ఆధారపడి యున్నవి. ఒకటి బ్రేకు, రెండవది స్టీరింగు. బ్రేకును గూర్చి అందరును విచారింతురు. స్టీరింగు సంగతి మాత్రము చేతికి బరువు తోచినప్పుడు గాని తలంపునకు రాదు. అందుచేత నేడు దానిని గూర్చియే ముచ్చటింప దలచితిని.

మన ప్రాంతమున స్టీరింగునకు పరీక్షలెక్కువ. విజయనగరము నుండి సాలూరు మీదుగా కోరాపుట్టునకు పోవు 26వ నంబరు జాతీయ రహదారి, సాలూరు దాటిన పిమ్మట కొండనెక్కును. ఆ మలుపులలో బరువు లారీలు ఎదురగుచుండును. ఇటు కళింగపట్నము, భావనపాడు వైపున ఉప్పుగాలి యినుమును తినివేయును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ వంటి తుపానులకు రోడ్లు నీట మునుగును.

స్టీరింగు కడ్డీల చివరలను కీళ్లును, వానిపై రబ్బరు తొడుగులును, లోపల గ్రీజును ఉండును. తొడుగు చినిగిన నీరు, ఇసుక లోనికి చొచ్చి కీలును అరగదీయును. అరిగిన కీలు ఊడెనా, ముందుచక్రము డ్రైవరు మాట వినదు. కావున వరదనీటిలో నడచిన కారును ఎత్తించి ఆ తొడుగులను చూపించుకొనవలెను.

ఇక దోషలక్షణములు నాలుగు.

మొదటిది ఆట. చక్రములను తిన్నగా నిలిపి, స్టీరింగును మెల్లగా అటునిటు కదపుడు. చక్రములు కదలక ముందే అంచు వద్ద 30 మిల్లీమీటర్లకు మించి తిరిగినచో సాధారణముగా కీళ్లు అరిగినవని అనుమానింపవలెను.

రెండవది ఒక ప్రక్కకు లాగుట. ముందు టైర్ల గాలి సరిచూడుడు. రోడ్డు వాలు వలన ఎడమకు కొంచెము జరుగుట సహజమే. ముందు టైర్లను ఇటుదటు మార్చగా లాగు దిక్కు మారినచో దోషము టైరుది. మారనిచో అలైన్‌మెంటుది కావచ్చును. ప్రయాణానంతరము ఒక చక్రము మిక్కిలి వేడిగానున్నచో బ్రేకు పట్టియున్నదన్నమాట.

మూడవది వణకు. ఒకానొక వేగమున మాత్రమే వణకినచో తరచుగా చక్రముల బ్యాలెన్సు తప్పియుండును. రిమ్ములో ఎండిన బురదయు అందుకు చాలును. బ్రేకు త్రొక్కినప్పుడే వణకినచో బ్రేకు డిస్కులను చూపింపవలెను.

నాల్గవది బరువు. ముందు గాలి, పిదప నూనెతో పనిచేయు పవర్ స్టీరింగైనచో నూనెమట్టము, బెల్టు చూడవలెను. విద్యుత్తుతో పనిచేయునదైనచో హెచ్చరికదీపమును, బ్యాటరీని గమనింపవలెను.

ఒక్క విషయము గట్టిగా చెప్పుదును. పెట్రోలు కలిసివచ్చునని కొండదిగునప్పుడు కొందరు ఇంజను ఆపుదురు. అది మహాప్రమాదము. ఇంజను ఆగిన స్టీరింగు బరువెక్కును. ఒకటి రెండు త్రొక్కుళ్ల పిమ్మట బ్రేకును బండబారును. తాళపుచెవి తీసినచో స్టీరింగు బిగిసిపోవుటయు కలదు. తగ్గుగేరులో దిగుటయే క్షేమము.

నెలకు రెండుమారులు టైర్లు చల్లగానున్నప్పుడు గాలి చూడుడు. పదివేల కిలోమీటర్లకొకసారి, పెద్దగుంతలో పడినప్పుడెల్లను అలైన్‌మెంటు చూపించుడు. స్టీరింగును చివరివరకు త్రిప్పి అట్లే పట్టియుంచకుడు. ఆట కనబడిన కారును ఘాటీ యెక్కింపక ముందే మేస్త్రీకి అప్పగింపుడు. కీలు మార్చుటకగు ఖర్చు, అందు కూర్చుండువారి ప్రాణములతో పోల్చదగినది కాదు.