సిపాయి తిండి వ్రాసిన పుస్తకము

యుద్ధచరిత్రలలో సేనానుల వ్యూహములు పుష్కలము. సిపాయి ఆ రాత్రి యేమి తినెనో దొరకదు. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున మసాచుసెట్సు ఫిరంగిదళమందుండిన జాన్ బిల్లింగ్సు 1887లో ప్రకటించిన ‘హార్డ్‌టాక్ అండ్ కాఫీ’ యా కొఱతఁ దీర్చును. మనిషికి తొమ్మిదో పదియో గట్టిబిస్కత్తులు, వానిలో పురుగులు! కాఫీని రబ్బరుదుప్పటిపైఁ గుప్పలుగాఁ బోసి, పక్షపాతమను మాట రాకుండ సార్జెంటు వీపు త్రిప్పి పేళ్లు పిలుచునఁట.

తొలికూర్పునకై యాస్తులమ్మనక్కఱలేదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు 1993లో పునర్ముద్రించిరి. పాతపుస్తకముల యంగడిలో నలిగిన ప్రతియైనను మాకుఁ జాలును. కాని కొనుటకు ముందు పుటలను లెక్కింపుఁడు, బొమ్మలు చించి విడిగా నమ్ము వర్తకులు కలరు.

మదరాసు సైన్యమునఁ గొలువుచేసిన తెలుగు సిపాయిలలో నిట్లు వ్రాసిపెట్టినవారెందరు? మన యిండ్లలో వారి యుత్తరములేవైన నున్నచోఁ జెదలకు విడువకుఁడు.